పాఠం ఫోన్‌లోకి రావచ్చు, కాన్పు చేతికే రావాలి



ఈరోజు నన్ను మాట్లాడమన్నది కాన్పు చేసే చదువు గురించి. ఆ చదువుని ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఆన్‌లైన్‌గా చెప్పొచ్చా? చెప్తే మన కొండమీద పిల్లలకి లాభమా, నష్టమా? ఇక్కడ ఇంటర్ అయిపోయిన చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. ఏఎన్‌ఎం చేద్దామా, జీఎన్‌ఎం చేద్దామా, బీఎస్సీ నర్సింగ్‌కి పోదామా అని లెక్కలేసుకుంటున్నారు. "ఇంట్లో కూర్చుని నర్సింగ్ సర్టిఫికెట్" అని వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ నాకు పంపి, "అక్కా, ఇది నిజమేనా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. అందుకే కొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆన్‌లైన్ అనగానే సంబరపడిపోవద్దు, అలాగని వద్దని తోసేయొద్దు. పాఠం ఫోన్‌లోకి రావచ్చు. కాన్పు చెయ్యడం మాత్రం కాన్పు గదిలోనే, అనుభవమున్న సిస్టర్ పక్కన నిలబడి నేర్చుకోవాలి. ఈ రెండూ మన ఏజెన్సీలోనే, మన భాష తెలిసినవాళ్లతో జరగాలి. అలాంటి ఏర్పాటు ఇంకా మనకి లేదు. దాన్ని అడిగి తెచ్చుకోవాలి.

ఇది మనకి ఎందుకు అంత ముఖ్యమో చూడండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయి. 2018-20 లెక్కలో దేశం మొత్తం మీద లక్ష కాన్పులకి 97 మంది తల్లులు చనిపోతే, మన రాష్ట్రంలో 45 మంది. వింటే బాగానే ఉంటుంది. కానీ రాష్ట్రం సగటులో మన గిరిశిఖర గ్రామాలు కనపడవు. డోలీలో పోతున్న గర్భిణి ఫొటో పేపర్లో వచ్చినప్పుడే మనం కనపడతాం. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. కలెక్టరాఫీసు దగ్గరయింది, మంచిదే. కానీ కొండ దిగి రోడ్డెక్కడానికి పట్టే గంటలు జిల్లా పేరు మారితే తగ్గవు కదా.

ఈ కష్టం తెలిసే సాలూరులో, గుమ్మలక్ష్మీపురంలో గర్భిణుల వసతి గృహాలు పెట్టారు. నెలలు నిండకముందే కొండమీద నుంచి తీసుకొచ్చి, తిండి పెట్టి, చూసుకుని, నొప్పులొస్తే ఆసుపత్రికి పంపుతారు. దీనివల్ల ప్రాణాలు నిలబడ్డాయి, అది మనం ఒప్పుకోవాలి. అయినా వారాల తరబడి ఇల్లు విడిచి రావాలంటే ఇంటి దగ్గర చిన్నపిల్లల్ని ఎవరు చూస్తారు? పోడు పని ఎవరు చేస్తారు? "మరేటి చేస్తాం, ఎలాగోలా ఇక్కడే కానిచ్చేద్దాం" అనుకునే ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆ ఇంటికి దగ్గర్లో, ఆ ఇంటి భాష మాట్లాడే, చదువుకున్న మనిషి ఒకరు ఉండాలి. ప్రమాదం ముందే పసిగట్టి, "అమ్మా, ఈసారి నువ్వు కిందకి దిగాల్సిందే" అని నచ్చజెప్పగలిగే మనిషి. దార్లోనే కాన్పు అయిపోతే చెయ్యి తడబడని మనిషి.

మన ఊళ్లలో పురుడు పోసే పెద్దమ్మలు ఉండేవాళ్లు, కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. నొప్పులు పడుతున్న ఆడమనిషి పక్కన ఓపిగ్గా కూర్చోవడం, భయం తీర్చడం, తొందరపెట్టకుండా ఉండడం వాళ్లకి తెలుసు. ఇప్పుడు పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో దీన్నే కొత్తగా నేర్పిస్తున్నారు. కానీ రక్తం ఆగకుండా పోతుంటే ఆ పెద్దమ్మ చేతిలో మందు లేదు. బిడ్డ ఊపిరి తియ్యకపోతే సాధనం లేదు. ఆ ఓపిక, ఈ సైన్సు ఒకే మనిషిలో కలవాలి. మంత్రసాని చదువు అని నేను అంటున్నది దాన్నే.

మన దేశంలో ఆ చదువుకి ఇప్పుడున్న దారులు ఇవి. ఏఎన్‌ఎం రెండేళ్లు, ఇంటర్ ఏ గ్రూపు అయినా చెయ్యొచ్చు. జీఎన్‌ఎం మూడేళ్లు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. దాని ప్రకారం నర్సు అయినవాళ్లు ఇంకో 18 నెలలు ప్రత్యేకంగా కాన్పుల చదువు చదివి మిడ్‌వైఫ్ కావచ్చు. దానికి ముందే, 2017లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో నర్సులకి ఇలాంటి శిక్షణ మొదలుపెట్టింది. 2023లో పార్లమెంటు చేసిన చట్టం పేరే నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో వచ్చింది. అంటే మంత్రసాని పనిని ప్రత్యేకమైన వృత్తిగా దేశం గుర్తించడం మొదలుపెట్టింది. తలుపు తెరుచుకుంటున్న ఈ టైంలో మనం బయట నిలబడిపోకూడదు.

ఇప్పుడు ఆన్‌లైన్ సంగతి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. కాలేజీలు మూసేశారు. హాస్టళ్ల నుంచి మనల్ని ఇళ్లకి పంపేశారు. క్లాసులు ఫోన్‌లో అన్నారు. నేనూ అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. సిగ్నల్ కోసం కొండ ఎక్కేవాళ్లం. నెట్ ప్యాక్ అయిపోతే సంతకి పోయి రీచార్జి చేయించుకోవాలి. ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటే అది తమ్ముడికా, చెల్లికా అన్నప్పుడు ఎవరికి దక్కేదో మీ అందరికీ తెలుసు. నాది ఆర్ట్స్ డిగ్రీ, పుస్తకం చదివి నెట్టుకొచ్చాను. నర్సింగ్ చదివే నా స్నేహితురాళ్లకి అలా కుదరలేదు. వాళ్ల వార్డు డ్యూటీలు ఆగిపోయాయి. కాన్పు వీడియో ఫోన్‌లో చూసి నోట్సు రాసుకున్నారు. ఒకమ్మాయి నాతో అన్నది: "పరీక్షలో అన్నీ రాసేశాను గానీ, నిజంగా ఎవరికైనా నొప్పులొస్తే నా చెయ్యి ఎక్కడ పెట్టాలో నాకు తెల్దు." ఆ మాట మనం గుర్తుపెట్టుకోవాలి.

అంటే తెర మీద ఏటీ నేర్చుకోలేమా? నేర్చుకోవచ్చు. చాలానే నేర్చుకోవచ్చు.

బీపీ 140/90 దాటితే గర్భిణికి ప్రమాద సూచన అని, దానితోపాటు తలనొప్పి, కళ్లు మసకలు ఉంటే ఫిట్స్ రావచ్చని ఫోన్‌లో నేర్చుకోవచ్చు. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తే రక్తస్రావం ప్రమాదం తగ్గుతుందని, ఆ మందుని చల్లగా దాచాలని నేర్చుకోవచ్చు. నొప్పులు ఎలా ముందుకి పోతున్నాయో గీత గీసి చూసే పార్టోగ్రాఫ్ ఉంది. దాన్ని కంప్యూటర్లో పదిసార్లు, యాభైసార్లు ప్రాక్టీసు చెయ్యొచ్చు. నిజానికి వీటికి వీడియోనే మేలు. క్లాసులో ఒక్కసారి చెప్పింది అర్థంకాకపోతే చెయ్యెత్తి అడగడానికి మన పిల్లలు మొహమాటపడతారు. వీడియో అయితే వెనక్కి తిప్పుకుని ఎన్నిసార్లయినా చూడొచ్చు.

ఇక తెర మీద రానివి చూడండి. కడుపు మీద చెయ్యి పెట్టి బిడ్డ తల కిందకి ఉందా, పైకి ఉందా చెప్పడం. గర్భాశయం నోరు ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో రెండు వేళ్లతో కొలవడం. తల బయటికొచ్చేటప్పుడు చీలిక పడకుండా చేత్తో ఆపడం. మాయ పడ్డాక కడుపు మెత్తగా ఉందా, గట్టిపడిందా పట్టి చూడడం. పుట్టిన బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలోపే మూతికి మాస్కు పెట్టి ఊపిరి అందించాలి. మాస్కు పక్కనుంచి గాలి పోతే ఆ పని అంతా వృథా. గాలి పోతోందో లేదో చేతికి తెలుస్తుంది. వీడియో అయితే దారి చూపిస్తుంది గానీ, చేతికి ఆ తెలివి రావాలంటే మళ్లీ మళ్లీ చెయ్యాలి, తప్పు చేస్తే వెంటనే సరిచేసే మనిషి పక్కన ఉండాలి. యూరప్ దేశాల నిబంధనల్లో మిడ్‌వైఫ్ కావాలంటే మామూలుగా కనీసం 40 కాన్పులు తన చేత్తో చెయ్యాలని రాసుకున్నారు. అంత నెట్, అన్ని కంప్యూటర్లు ఉన్న దేశాలే కాన్పుల లెక్క తియ్యలేదు. మనకెందుకు తియ్యాలి?

బయట దేశాల్లో ఏటి చేశారో చూద్దాం. డెన్మార్క్‌కి చెందిన ఒక సంస్థ, అక్కడి యూనివర్సిటీలు కలిసి సేఫ్ డెలివరీ యాప్ అని తయారుచేశాయి. బొమ్మల వీడియోలతో రక్తస్రావం ఎలా ఆపాలి, బిడ్డకి ఊపిరి ఎలా ఇవ్వాలి చూపిస్తుంది. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఇథియోపియాలో పల్లె ఆరోగ్య కేంద్రాల్లో దాన్ని పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. యాప్ ఉన్న చోట సిబ్బంది తెలివి, పనితనం బాగా పెరిగాయి. కానీ శిశు మరణాలు తగ్గాయని గట్టిగా చెప్పేంత తేడా రాలేదు. ఇంకో మాట, అక్కడ యాప్ ఇచ్చింది అప్పటికే కాన్పులు చేస్తున్న సిబ్బందికి. పని తెలిసిన చేతికి అది తోడు. అసలు పని తెలియని చేతికి అదొక్కటే ఇచ్చి వదిలేస్తే ఏటవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

న్యూజిలాండ్‌లో ఒటాగో పాలిటెక్నిక్ అనే కాలేజీ 2009 నుంచి ఇంకో పద్ధతి పట్టింది. మిడ్‌వైఫరీ విద్యార్థులు తమ సొంత ప్రాంతంలోనే ఉంటారు. పాఠాలు ఆన్‌లైన్‌లో వింటారు. ఆ ప్రాంతంలోనే ఉన్న మిడ్‌వైఫ్ టీచరు చిన్న చిన్న గ్రూపులుగా కూర్చోబెట్టి చెప్తుంది. పని అక్కడి తల్లుల దగ్గరే నేర్చుకుంటారు. మన దేశంలోనూ ఇలాంటి ఆలోచన కొత్తది కాదు. ఇగ్నో దూరవిద్యలో పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ నడిపింది. అది అప్పటికే నర్సుగా రిజిస్టరై పనిచేస్తున్నవాళ్లకి మాత్రమే. దాంట్లో కూడా స్టడీ సెంటరుకి రావాలి, ఆసుపత్రిలో ప్రాక్టికల్ చెయ్యాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది ఇన్యూట్‌ల కథ. కెనడా ఉత్తరాన మంచు ప్రాంతంలో ఉండే ఆదివాసులు వాళ్లు. అక్కడ గర్భిణుల్ని నెలలు నిండకముందే విమానంలో దక్షిణాది ఆసుపత్రులకి తీసుకుపోయేవారు. భాష తెలియని చోట, భర్త, పిల్లలు లేకుండా వారాలు గడపాలి. మనకి డోలీ, వాళ్లకి విమానం, అంతే తేడా. ఆడవాళ్లు దీన్ని ఒప్పుకోలేదు. 1986లో హడ్సన్ బే ఒడ్డున పువిర్నిటుక్ అనే ఊళ్లో సొంత ప్రసూతి కేంద్రం తెచ్చుకున్నారు. అక్కడే, ఆ ఊళ్ల ఇన్యూట్ ఆడవాళ్లనే, చదువుకున్న మిడ్‌వైఫ్‌ల పక్కన పెట్టి, తమ భాషలో పని నేర్పించారు. తర్వాత పక్క ఊళ్లకీ ఇది పాకింది. అన్ని కాన్పులూ అక్కడే చేసెయ్యరు. ప్రతి గర్భిణి విషయం ముందే కూర్చుని చర్చిస్తారు, ప్రమాదం ఉన్నవాళ్లని పెద్దాసుపత్రికి పంపుతారు. 1986 అంటే అప్పుడు ఇంటర్నెట్ ఎక్కడుంది? అంటే అసలు కీలకం నెట్ కాదు. ఎవరికి నేర్పుతున్నాం, ఎక్కడ నేర్పుతున్నాం, ఏ భాషలో నేర్పుతున్నాం అన్నవే కీలకం. అవి సరిగ్గా ఉంటే నెట్ దానికి బలం అవుతుంది.

భాష అన్నాను కాబట్టి గిడుగు రామమూర్తి గారిని తల్చుకోవాలి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తారు. ఆయన సవర నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించాడని ఆ రోజు ఎంతమంది గుర్తుచేస్తారు? 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఇదంతా మన పర్లాకిమిడి పక్కనే జరిగింది. అంత ముందే దారి పడితే, ఈరోజు నర్సింగ్ పాఠం మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. తెలుగులోనే తడబడే గుంట దాన్ని బట్టీ పడుతుంది. రేపు ఆ గుంటే నర్సయి, "నొప్పి ఎక్కడ, ఎప్పట్నుంచి, నీళ్లు పోయాయా" అని సవరలోనో, కువిలోనో అడగాలి. ఆ మాటలు ఏ సిలబస్‌లోనూ లేవు. ఒక ఆసుపత్రిలో మా ఊరి ఆడమనిషి అడిగింది అర్థంకాక జవాబు చెప్పకపోతే, మొండిదని తిట్టారు. కాన్పు గదిలో మర్యాదగా చూసుకోవాలని 2017లో మొదలైన లక్ష్య కార్యక్రమం చెప్తోంది. మాట తెలియకుండా మర్యాద ఎలా వస్తుంది? ఆన్‌లైన్ పాఠంతో నిజంగా కలిసొచ్చేది ఇక్కడే. అచ్చు పుస్తకం వేయించడానికి ఏళ్లు పడుతుంది. మన పెద్దమ్మలు, మన ఏఎన్‌ఎం అక్కలు కూర్చుని సవరలో, కువిలో ఆడియో పాఠాలు రికార్డు చెయ్యడానికి ఒక ఫోను చాలు.

ఇప్పుడు ఆ వాట్సాప్ మెసేజ్ సంగతి. చెల్లీ, డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడుగు. ఈ కాలేజీ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు లిస్టులో ఉందా? వార్డు డ్యూటీ ఏ ఆసుపత్రిలో వేస్తారు, కాన్పులు ఎక్కడ నేర్పిస్తారు? చదువు అయ్యాక ఆంధ్రప్రదేశ్ నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్‌లో నా పేరు రిజిస్టర్ అవుతుందా? ఈ మూడిట్లో ఒక్కదానికి నీళ్లు నమిలినా, ఆ ఏజెంటుకి దండం పెట్టి వచ్చెయ్. వార్డు ముఖం చూడకుండా ఇచ్చే నర్సు సర్టిఫికెట్ ఉద్యోగానికి పనికిరాదు. అమ్మానాన్న జీడిపిక్కలు, చింతపండు అమ్మి దాచిన డబ్బు అది.

ఆఖరుగా, మనం ఏం అడగాలి? ఐదు విషయాలు అనుకుంటున్నాను. మీరూ ఆలోచించండి, కలపండి, మార్చండి.

ఒకటి. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల పరిధిలో నర్సింగ్ స్టడీ సెంటర్లు పెట్టాలి. పాఠాలు ముందే నింపిన ట్యాబులు, కరెంటు పోయినా నడిచే ఏర్పాటు, ఒక టీచరు, బొమ్మల మీద కాన్పు ప్రాక్టీసు చేసే గది ఉండాలి. నడుముకి కట్టుకుని కాన్పు, రక్తస్రావం చూపించే శిక్షణ బొమ్మలు ఇప్పుడు దొరుకుతున్నాయి. సిగ్నల్ కోసం మళ్లీ కొండ ఎక్కే పరిస్థితి రాకూడదు.

రెండు. ప్రాక్టికల్స్ మన చుట్టుపక్కల ఆసుపత్రుల్లోనే మొదలవ్వాలి. పాలకొండ, సీతంపేట, పార్వతీపురం, సాలూరు, భద్రగిరి ఉన్నాయి. కష్టమైన కేసులు నేర్చుకోవడానికి విజయనగరం ఘోషా ఆసుపత్రి, శ్రీకాకుళం పెద్దాసుపత్రి ఉన్నాయి. ప్రతి విద్యార్థినికీ ఒక పుస్తకం, అందులో తను చేసిన ప్రతి కాన్పుకీ సిస్టర్ సంతకం ఉండాలి. ఆన్‌లైన్ గంటల్ని కాన్పుల లెక్కలో కలపకూడదు.

మూడు. సవర, కువి భాషల్లో ఆడియో పాఠాలు, గర్భిణితో మాట్లాడే మాటల శిక్షణ కావాలి. 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం పెట్టారు. అది మన పేరు మీద ఉన్న యూనివర్సిటీ. ఈ పని దానికి కాక ఎవరికి అప్పజెప్తాం?

నాలుగు. చదువుకునే రోజుల్లో నెలనెలా భత్యం ఇవ్వాలి. రెండేళ్లు కూలి మానుకుని చదవమంటే పేదింటి పిల్ల చదవలేదు. పెళ్లయినవాళ్లకి, పిల్లలున్నవాళ్లకీ సీటు ఉండాలి. దగ్గర్లో చదువు ఉంటే ఎక్కువ లాభపడేది వాళ్లే.

ఐదు. చదివిన అమ్మాయికి మన మండలాల్లోనే పోస్టు రావాలి. ఏజెన్సీ టీచరు పోస్టులు వందశాతం స్థానిక గిరిజనులకే అన్న జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. జీవో మీద ఆధారపడితే ఏటవుతుందో అప్పుడు చూశాం. అందుకని చట్టంలోనే రక్షణ కావాలని అడగాలి. పోస్టు లేని శిక్షణ అయితే, మన పిల్లలు నేర్చుకుని హైదరాబాద్‌లో ప్రైవేటు ఆసుపత్రికి పోతారు. వాళ్లని తప్పు పట్టలేం.

"ఆన్‌లైన్‌లో పెట్టేశాం కదా, ఇంకేటి కావాలి?" అని రేపు ఎవరైనా మనతో అనొచ్చు. బిల్డింగు కట్టక్కర్లేదు, టీచర్ని వెయ్యక్కర్లేదు, లింకు పంపితే చాలు అనుకునేవాళ్లు ఉంటారు. పట్నంలో పిల్లలకి సిములేషన్ ల్యాబు, కొండమీద పిల్లలకి లింకు అంటే మనం ఒప్పుకోం. చదువు దగ్గరికి రావాలన్నాం గానీ, తగ్గించి ఇమ్మనలేదు.

ఈ సభ అయ్యాక పేర్లు రాస్తున్నాం. నర్సింగ్ చదవాలనుకునేవాళ్లు, చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు, ఇప్పటికే ఏఎన్‌ఎంగా, ఆశాగా పనిచేస్తున్న అక్కలు, ఊళ్లో పురుడు పోసిన పెద్దమ్మల సంగతి తెలిసినవాళ్లు, అందరూ మీ ఊరు, మీ భాష రాయించండి. ఆ లిస్టు పట్టుకుని ముందు ఐటీడీఏకి, తర్వాత కలెక్టరాఫీసుకి పోదాం. ఎన్ని ఊళ్ల నుంచి ఎంతమంది పిల్లలు ఎదురుచూస్తున్నారో కాగితం మీద చూపిద్దాం.

 జై ఆదివాసీ.